తప్పుకున్న అభ్యర్థికి పడ్డ ఓట్లు

2024 జనవరి మొదట్లో రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎన్నికల సలహాదారుగా చేరాను. అంతకుముందు ముప్పై ఏళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. నామినేషన్ల బల్ల దగ్గరే తల నెరిసింది. ఎన్నికలు నాకు కొట్టిన పిండి అన్న గర్వం ఉండేది.

అమెరికా ప్రైమరీల ఫలితాలను ఒక వార్తాసంస్థ కోసం తెర మీద చూపించడం మా పని. మన దగ్గర పార్టీ టికెట్ అధిష్ఠానం ఇస్తుంది. అక్కడ ఆ టికెట్ ఎవరికివ్వాలో ముందు ఓటర్లే చెబుతారు, అదీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రోజున. ఇంతవరకు వారంలో అర్థమైంది. మిగతాదంతా మనలాగే ఉంటుందిలే అనుకుని, పోటీ నుంచి తప్పుకున్నవారిని జాబితాలోంచి తీసేయమని రాసిచ్చాను. ఇక్కడ ఉపసంహరణ గడువు ముగిశాకే బ్యాలెట్ అచ్చవుతుంది మరి.

పాత ఫలితాలతో రిహార్సల్ చేస్తే ఒక రాష్ట్రంలో అభ్యర్థుల ఓట్లు కూడితే, పోలైన మొత్తంతో లెక్క కలవలేదు. టెస్టింగ్ చేసే మమత దాన్ని డిఫెక్టుగా నమోదు చేసింది. ఆమె తెల్లాపూర్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉద్యోగం ఖాయం కావాలంటే ఆమె పట్టిన తప్పులు నిలబడాలి. నేను ‘డిఫెక్టు కాదు’ అని రాసి మూసేశాను.

మర్నాడు నా సీటు దగ్గరికే వచ్చింది.

“సార్, ఆ రాష్ట్రంల ఒకాయన తప్పుకున్నడు గానీ ఆయనకు ఓట్లు పడ్డయి కద. గవి ఏడికి పోయినయి?”

“పేరే లేనివాడికి ఓట్లెలా పడతాయమ్మా?”

“పేరుంది సార్. జర చూడుండ్రి.”

ఆ రాష్ట్రపు నమూనా బ్యాలెట్ నా ముందు పెట్టింది. పేరు నిక్షేపంలా ఉంది! అక్కడ బ్యాలెట్లు ముందే అచ్చయిపోతాయి. తర్వాత తప్పుకుంటున్నానని ప్రకటించినా పేరు చెరగదు. అప్పటికే పోస్టులో ఓటేసినవాళ్లుంటారు, అయినా సరే నీకే అనే అభిమానులూ ఉంటారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

డిఫెక్టు మళ్లీ తెరిచి, కారణం దగ్గర ‘సలహాదారు తప్పు సూచన’ అని రాసి నా పేరు పెట్టాను. పేరెందుకండీ అన్నారు మేనేజరు. ఉండనివ్వండి అన్నాను. ఆ నెలాఖరుకు మమత ఉద్యోగం ఖాయమైంది. మా ఇంట్లో పిల్లకు ఉద్యోగం వచ్చినంత సంతోషించాను.

నామినేషన్ల పరిశీలనలో ఎవరైనా అభ్యంతరం చెబితే కాగితం చూడకుండా కొట్టేయకూడదు. ముప్పై ఏళ్లు పాటించిన ఆ నియమాన్ని రాయదుర్గంలో మూడు వారాలకే మరిచాను. మమత రెండోసారి అడక్కపోతే, మరిచానని కూడా నాకు తెలిసేది కాదు.