చూపించని మూల

లాల్‌గడి మలక్‌పేట్ ఊరి రైతు పెద్దాయన పోయారన్న కబురు వచ్చేసరికి నేను సుచిత్ర చౌరస్తా దగ్గర సిగ్నల్లో ఆగి ఉన్నాను. "బాపు పొద్దుగాల పోయిండు సార్. మీకు జెప్పమని అమ్మ అన్నది" అన్నాడు ఫోన్లో ఆయన కొడుకు. పచ్చ లైటు పడింది, వెనక హారన్లు మొదలయ్యాయి. నాకు దుఃఖం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో మీతో చెప్పుకోవాలి.

నేను నేలల శాస్త్రం చదువుకుని, గుంటూరు వైపు నుంచి వచ్చి కొంపల్లిలో స్థిరపడి, నేలలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. చౌడు నేలల్ని బాగు చేసుకోవడానికి కొన్ని దేశాలు కలిసి ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి. కాగితాలు బోలెడు ఉన్నా విషయం చిన్నదే: ఒకరి పొలంలో తెలిసింది ఇంకొకరికి చెప్పుకోవడం. మా తరఫున చూపించే పొలంగా పెద్దాయన పొలాన్ని ఎంచుకున్నాం.

ఆయనకు మా ల్యాబ్ మీద పెద్ద గౌరవం లేదు. ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చుని, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, అందులో మట్టిబెడ్డ వేసి, చేతిలో బీడీ అయిపోయేదాకా కదలకుండా చూసేవారు. నీళ్లు తేటపడితే ఒక రకం చౌడు, మడ్డిగానే ఉండిపోతే ఇంకో రకం. "నా గిలాసలన్ని మన్ను జేస్తున్నవే తాతా" అని కొట్టాయన మొత్తుకునేవాడు. "నీ చాయ్ కంటె గిదే తేటగున్నది తియ్" అనేవారు. ఎన్నో రోజులకు మా రిపోర్టు వచ్చేది. ఆ గ్లాసు చెప్పిందే అందులోనూ ఉండేది. ఆ గ్లాసు గురించి నేనెక్కడా రాయలేదు, అది నా సిగ్గుల్లో చిన్నది.

పెద్దది ఆ పొలంలోని పల్లపు మూల. చౌడుకు విరుగుడుగా జిప్సం చల్లే ముందు పెద్దాయన నన్ను అక్కడికి తీసుకెళ్లి, మడమతో నేల నొక్కి చూపించారు. "ముందుగాల నీళ్లు బయటికి వొయ్యే తొవ్వ జెయ్యాలె సారూ. మందు ఎనుక" అన్నారు. అప్పటికే జిప్సం బస్తాలు వచ్చి పడున్నాయి. విదేశీ అతిథులు వచ్చేలోగా పని కళ్లకు కనపడాలని మా పైవాళ్ల తొందర, వాళ్ల మెప్పు కోసం నా తొందర. మురుగు కాలువ తవ్వించకుండానే చల్లించేశాను. పైభాగంలో వరి బాగా వచ్చింది. మూలలో మాత్రం నీళ్లు నిలిచిపోయి, అవి ఆరేసరికి ఉప్పు పైకి తేలి మునుపటికంటే తెల్లగా తయారైంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అతిథులు వచ్చిన రోజు ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని ఎదురొచ్చారు. తెలుగు మాటలు వాళ్లకు ఇంగ్లీషులో చెప్పే పని నాదే. పచ్చటి వరి చూసి వాళ్లు ఫోటోలు తీసుకుంటుంటే పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "గా మూలకు తోల్కపో సారూ. మంచిగ పండింది ఎవలన్న జూపిస్తరు. ఖరాబైంది జూపిస్తెనే గదా వాళ్లకు అక్కరకొచ్చేది" అన్నారు. ఎడారి దేశం నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త, ఏమంటున్నారని నన్ను అడిగాడు. మా పై అధికారి పక్కనే ఉన్నాడు. "మిమ్మల్ని భోజనానికి రమ్మంటున్నారు" అన్నాను.

అతను పొంగిపోయి పెద్దాయనకు రెండు చేతులూ జోడించాడు. తన మాట వాళ్లకు అందిందనుకుని పెద్దాయన కూడా నవ్వుతూ చేతులు జోడించారు. నేను అందరినీ ఇంటివైపు నడిపించాను. ఆయన వెనక్కి తిరిగి మూలవైపు చూస్తుంటే, "టైం లేదు పెద్దాయనా, మళ్లీ వచ్చినప్పుడు చూస్తారట" అని చెప్పాను. ఒక్క పూటలో అటొకటి ఇటొకటి, రెండు అబద్ధాలు.

తర్వాత కొన్నాళ్లకు ఆ శాస్త్రవేత్త నుంచి ఉత్తరం వచ్చింది. మీరు చేసినట్టే చేశాం, పల్లపు పొలాలు ఇంకా తెల్లబడ్డాయి, రైతులు మమ్మల్ని నిలదీస్తున్నారు, మీకెక్కడైనా ఇలా జరిగిందా అని అడిగాడు. నేల తీరు దేశానికొక రకంగా ఉంటుందని నాలుగు నున్నటి వాక్యాలు రాసి పంపాను. పెద్దాయన మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "గా దేశపోల్లు మంచిగున్నరా? మూల సంగతి జెప్పినవా?" అని అడిగేవారు. చెప్పాననేవాణ్ణి. "మస్తు మంచి పని జేసినవ్ సారూ" అని సంతోషపడేవారు. ఆ మెచ్చుకోలు వినలేక ఆఖరి రోజుల్లో ఆయన ఫోన్ ఎత్తడం మానేశాను.

దినాల రోజు వెళ్లాను. భోజనాల దగ్గర అవ్వ, అంటే పెద్దాయన భార్య, నన్ను పక్కకు పిలిచింది. "సారూ, గా మూలను ఏం జెయ్యాలె? కలిపి దున్నుకుంటనంటాండు కొడుకు. వాళ్లు మల్లొస్తరు, జూసెదాక ముట్టొద్దని ముసలాయన జెప్పి పోయిండు. ఇగ వాళ్లు వస్తరా, రారా?" అంది.

నేను పొలంవైపు నడిచాను. మూలకు వెళ్లే గట్టు మనిషి అడుగు పట్టేంతే ఉండేదని నాకు గుర్తు. ఇప్పుడది ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుగా ఉంది. "బూట్లోల్లు జారి పడ్తరని ఏటేటా మన్ను వోసి తొక్కిండు" అంది వెనకే వచ్చిన అవ్వ. గట్టు చివర నలుగురు నిలబడేంత జాగా చదును చేసి, పైన తాటికమ్మలతో చిన్న పందిరి వేసి ఉంది. ముందు ఆ మూల, ఉప్పు పేరుకుని ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"రారవ్వా. నేను వాళ్లకు చెప్పనే లేదు" అన్నాను. ఆమె "గట్లనా" అని మాత్రం అని ఇంటివైపు వెళ్లిపోయింది.

ఆ పందిట్లోనే నిలబడి మూలను ఫోటో తీశాను. 'ఇక్కడ తప్పు జరిగింది, చేసింది నేను, ముందే చెప్పిన రైతు ఇప్పుడు లేరు' అని రాసి ఆ శాస్త్రవేత్తకు పంపాను. ఫోటో పై అంచున పందిరి కమ్మలు కూడా పడ్డాయి. ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు కప్పినవి, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.