వీట్స్కె మెడకు తగిలిన గాలి

జులై వచ్చిందంటే ఫెరారాలో పొద్దున్న ఎనిమిదికల్లా కిటికీల చెక్క రెక్కలు మూతపడిపోతాయి. ఇళ్ళన్నీ మ్యాట్నీ ఆడుతున్న సినిమా హాళ్ళలా చీకటైపోతాయి. ఆ చీకట్లోనే మనుషులు వండుకుంటారు, తింటారు, పోట్లాడుకుంటారు, కునుకు తీస్తారు. మళ్ళీ పొద్దు వాలాకే రెక్కలు తెరుచుకుంటాయి. ఊరంతా ఇలా ఉంటే, కోట వెనక వీధిలో ఒక మేడ మూడో అంతస్తులో మాత్రం కిటికీలన్నీ పొద్దస్తమానం బార్లా తెరిచి ఉండేవి. అది వీట్స్కె ఇల్లు.

వీట్స్కె హాలండు మనిషి, జ్వొల్లెలో పుట్టి పెరిగింది. యాభై దాటింది. ద్వారబంధాలకి తల తగలకుండా వంగి నడవడం అలవాటైన పొడగరి. బేరిపళ్ళు ఎగుమతి చేసే కంపెనీలో పని. హాలండు వ్యాపారులతో ఫోన్లో పళ్ళ సైజుల గురించి వాదించడమే ఆమె ఉద్యోగం. రెండేళ్ళకని వచ్చి తొమ్మిదేళ్ళుగా ఉండిపోయింది. ఊరు చూస్తే అరచేతిలా చదునుగా ఉంది, ముసలివాళ్ళు కూడా సైకిలు తొక్కుతున్నారు, చలికాలం పొగమంచు కమ్ముతుంది. ఇక్కడ పరాయితనమేముంది అనుకుంది. ఎండాకాలం సంగతి ఎవరూ చెప్పలేదు. పో నది మైదానంలో ఆ రెండు నెలలూ గాలి ఆడదు. తడి తువ్వాలు మొహాన కప్పినట్టు ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు సముద్రపు ఒడ్డుకి పారిపోతారు. బేరి కోతలు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి కాబట్టి వీట్స్కెకి ఆ యోగం లేదు.

ఎదురు వాటాలో యోలె గారు ఉండేది. ఎనభై ఏళ్ళు, గుప్పెడు మనిషి, జీవితమంతా పెళ్ళిబట్టలు కుట్టింది. ఆవిడకి దొంగలంటే భయం లేదు, చావంటే అంతకన్నా లేదు. ఎదురెదురు కిటికీల మధ్య పారే గాలంటేనే భయం. వీట్స్కె కిటికీలు తెరిచినప్పుడల్లా ఆ గాలి మెట్ల మీదికి దూరి, యోలె గారి తలుపుని ధడాలున కొట్టేది. ఓ రోజు ఆ అదురుకి గోడ మీద మేరీమాత పటం వంకరపోయింది. యోలె గారు వచ్చి తలుపు తట్టింది.

"అమ్మాయ్ వీస్కా! నీ ఇంట్లో గాలి నా ఇంటికొస్తోంది." తొమ్మిదేళ్ళయినా ఆవిడ నోటికి ఆ పేరు తిరగలేదు.

"గాలి అందరిదీ కదా, యోలె గారూ."

"నా వాటా నాకొద్దు తల్లీ, నువ్వే ఉంచుకో. చూస్తూండు, ఏదో ఒక రోజు మెడ పట్టేస్తుంది."

"మా ఊళ్ళో ఏడాది పొడుగునా గాలే. గొడుగులు తిరగబడతాయి కానీ మెడలు నిటారుగానే ఉంటాయి."

"చలికి కొయ్యబారి ఉంటాయిలే. పట్టేసినా మీకు తెలిసి చావదు."

ఇక్కడ నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ మనసులో ఉన్నది మనసులో ఉంచుకోవడం వీట్స్కెకి చిన్నప్పట్నుంచీ చేతకాదు. అబద్ధమాడదామనుకుంటేనే కడుపునొప్పి వచ్చే రకం. అందుకని నిదానంగా, స్నేహంగానే చెప్పింది: "గాలికి మెడ పట్టదండీ. అది మూఢనమ్మకం. నేను చదివాను."

యోలె గారు వెనక్కి తిరిగి వెళ్ళి, గాలి అవసరం లేకుండానే తలుపు ధడాలున వేసుకుంది.

రెండో అంతస్తు లెయార్కో గారు, రిటైరైన మంగలి, మర్నాడు మెట్ల మీద ఆపి అడిగాడు. "ఏమన్నావమ్మా ఆవిణ్ణి? నీ గడప దాటేటప్పుడు ముక్కు మూసుకుంటోంది."

"నిజం చెప్పానండీ."

"అదే, అదే చెయ్యకూడదు," అన్నాడాయన బాధగా.

జులై చివర్లో ఎండ మరీ ముదిరింది. కిటికీలన్నీ తెరిస్తే వేడి లోపలికి వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుండేది. ఒక సాయంత్రం వీట్స్కె ఆఫీసు నుంచి వచ్చి, స్నానాల తొట్టె నిండా చన్నీళ్ళు పట్టి, బేరిపళ్ళ కాగితాలు పట్టుకుని అందులో దిగింది. తొట్టె ఆమె కన్నా చాలా పొట్టి. మోకాళ్ళు పైకి ముడిచి, తల ఓ పక్కకి వాల్చి సర్దుకుంది. తొమ్మిదేళ్ళలో అంత హాయి ఎరగదు. అలాగే నిద్రపోయింది. పిట్టల కూతలకి మెలకువ వచ్చేసరికి వేళ్ళు ఎండుద్రాక్షల్లా ముడతలు పడ్డాయి, కాగితాలు నీళ్ళ మీద తేలుతున్నాయి, తల ఎడమ భుజం వైపు తిరిగి బిగుసుకుపోయింది. కదిపితే ప్రాణం పోయేలా ఉంది.

మందుల షాపుకని గోడ పట్టుకుని బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే యోలె గారు చెత్త సంచీతో గడప దాటింది. ఆవిడ వీట్స్కె మెడని చూసింది. సంచీని నెమ్మదిగా, గుడ్లబుట్ట దింపినంత జాగ్రత్తగా, నేల మీద పెట్టింది.

"ఏమైంది?"

వీట్స్కె నోరు తెరిచి ఆగిపోయింది. తొట్లో నిద్రపోయానని చెబితే మధ్యాహ్నానికల్లా వీధి చివర కాఫీ కొట్టుకి చేరుతుంది. సాయంత్రానికి, హాలండామె మంచం అమ్ముకుని నీళ్ళలో పడుకుంటోందని ఊరంతా అనుకుంటారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అబద్ధమాడింది.

"గాలండీ," అంది చిన్నగా.

"ఏంటీ? ఈ చెవి సరిగా వినపడదు. మళ్ళీ చెప్పు."

"గాలి."

"కొంచెం గట్టిగా అమ్మా."

"గాలి! గాలి తగిలింది!"

మెట్ల దారంతా మోగిపోయింది. కింద తలుపు తెరుచుకుని లెయార్కో గారి గొంతు పైకొచ్చింది. "గాలా? ఎవరికి? హాలండు అమ్మాయికేనా? దీర్చే, ఆ మందు పట్రావే!"

ఆ తర్వాత ఇక ఆమె చేతుల్లో ఏమీ లేదు. లెయార్కో గారు గుర్రాలకి రాసే లేపనం తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, పాత వృత్తి మర్యాదతో మెడ చుట్టూ తువ్వాలు కట్టి మరీ రుద్దాడు. ఆయన భార్య దీర్చే గారు రాళ్ళుప్పు పెనం మీద వేయించి, మేజోడులో పోసి కాపడం పెట్టింది. ఆ ఎండలో ఉన్ని శాలువా కప్పి పంపారు. మందుల షాపావిడ ఏమైందని అడగనే లేదు. "కిటికీ పక్కనా, ఫ్యాను కిందా?" అంది. ఆఫీసులో మేనేజరు చూడగానే తన మెడే పట్టుకుని "అబ్బా" అన్నాడు. వీట్స్కె ఎడమకి తప్ప చూడలేదు కాబట్టి, కుడివైపు సందు వచ్చిన చోటల్లా సైకిలు దిగి, మనిషంతా తిరిగి, దారి చూసుకుని మళ్ళీ ఎక్కేది. దారిన పోయేవాళ్ళు ఆగి "గాలా?" అని అడిగేవారు. "గాలే," అనేది. రెండో రోజుకి కడుపునొప్పి కూడా రావడం మానేసింది.

ఎవరి మెడ కథ వాళ్ళు చెప్పారు. లెయార్కో గారిది అన్నిటికన్నా విషాదమైనది.

"పెళ్ళయిన మూడోరోజు. రిమిని వెళ్ళే రైల్లో, కిటికీ పక్కన కూర్చున్నా, కుర్రతనం! దిగేసరికి మెడ నీలాగే. దీర్చే కుడిపక్క, నా మొహం ఎడమపక్క. వారం రోజులూ సముద్రాన్నే చూశాను తల్లీ, పెళ్ళాన్ని చూళ్ళేదు."

"ఎడమపక్కకి రమ్మంటే వచ్చేదాన్నిగా. అడిగితేనా!" అని వంటింట్లోంచి దీర్చే గారు అంది.

ఇన్నేళ్ళలో ఆ ఇళ్ళ గుమ్మాల దాకా వెళ్ళిందే గానీ వంటిళ్ళలోకి ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఒకరింట్లో ఖర్బూజా ముక్కలు, ఒకరింట్లో కాఫీ. వీట్స్కెకి సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.

వింతేమిటంటే, గెలిచిన యోలె గారు మాత్రం గెలిచినట్టు లేదు. "చెప్పానా!" అని ఒక్కసారీ అనలేదు. మెట్ల మీద ఎదురైతే తల దించుకుని వెళ్ళిపోతోంది. చివరికి ఓ మధ్యాహ్నం, నిప్పులు కురిసే ఎండలో, పొగలు కక్కే కోడిచారు గిన్నెతో వచ్చి నిలబడింది.

"తాగు," అంది. వీట్స్కె చెమటలు కక్కుతూ తాగింది. ఎదురుగా కూర్చున్న యోలె గారు కొంగు లేని మనిషి కాబట్టి ఏప్రన్ అంచు నలుపుతూ అంది:

"నేనే చేశాను."

"చాలా బాగుందండీ."

"చారు కాదు. నీ మెడ. మూఢనమ్మకం అన్నావు కదా, నాకు ఒళ్ళు మండింది. గుడికెళ్ళి అంతోనీ మహాత్ముడికి కొవ్వొత్తి వెలిగించా. ఆ పిల్లకి ఒక్కసారి గాలి తగిలించు సామీ, బుద్ధొస్తుంది అని మొక్కుకున్నా." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చిన్నది అడిగా వీస్కా! ఒక్క పూటలో పోయేది. ఇంత పెద్దది అడగలేదు!"

వీట్స్కెకి నవ్వొచ్చింది. నవ్వితే మెడలో నొప్పి మెలిపెట్టింది. కేక పెట్టింది. ఆ కేక విని యోలె గారు ఏడ్చేసింది. ఇక దాచడం వీట్స్కె వల్ల కాలేదు.

"యోలె గారూ, ఏడవకండి. గాలి కాదు. నేను అబద్ధం చెప్పాను. నీళ్ళ తొట్లో నిద్రపోయాను. తెల్లారేదాకా."

యోలె గారు ఏడుపు ఆపింది. ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. "అంత పొడుగు మనిషివి, ఆ తొట్లో ఎలా పట్టావు?"

"పట్టలేదు. అందుకే ఇలా అయింది."

యోలె గారు లేచి నేరుగా స్నానాల గదిలోకి వెళ్ళింది. తొట్టెని చూసింది. గోడని చూసింది. పైన, అరచేతంత వెడల్పున, ఒక చిన్న కిటికీ ఉంది.

"ఇది ఆ రోజు తెరిచి ఉందా?"

"ఉందండీ. ఎప్పుడూ ఉంటుంది."

"మరి!" అని యోలె గారు వేలు పైకెత్తింది. ఎనభై ఏళ్ళ మొహం వెలిగిపోయింది. "తడి ఒంటి మీద గాలి! అన్నిటికన్నా చెడ్డది!"

వీట్స్కె ఒప్పుకోలేదు. బేరిపళ్ళ బేరంలా పాయింటు పాయింటుగా పెట్టింది. "చూడండి. తొట్టె వల్ల అయితే మీ తప్పేం లేదు. మీ మొక్కు పనిచెయ్యనట్టు. గాలి వల్లే అయితే మీ మొక్కు పనిచేసినట్టు, ఆ పాపం మీదే. రెండిట్లో ఏదో మీరే చెప్పండి."

యోలె గారు తొట్టె అంచు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ఓసారి కిటికీ వైపు చూసింది, ఓసారి వీట్స్కె మెడ వైపు చూసింది. చివరికి లేచి, ఏప్రన్ సర్దుకుంది.

"గాలే," అంది. "పాపం నేను మోస్తాలే."

గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ అంది: "కానీ తొట్టె సంగతి లెయార్కోకి తెలియకూడదు. నీ మెడ కథ కాఫీ కొట్టులో వారం రోజులుగా చెబుతున్నాడు, పాపం ముసలాడు." ఇంకొంచెం ఆలోచించి, "అబద్ధం బాగా చెప్పావు. నేను నమ్మేశా. ఇంక నువ్వు ఇక్కడ బతికేస్తావులే," అంది.

మెడ మరో వారానికి వదిలింది. మందు వల్లనో, ఉప్పు వల్లనో, దానంతట అదే వదిలిందో ఎవరి లెక్క వాళ్ళది.

ఆగస్టు నడిమి పండక్కి ఊరు ఖాళీ అయిపోయింది. పిల్లులూ, బేరిపళ్ళవాళ్ళూ, ఎక్కడికీ వెళ్ళలేని ముసలివాళ్ళూ మిగిలారు. యోలె గారు వీట్స్కెని, లెయార్కో దంపతుల్ని భోజనానికి పిలిచింది. పాపపరిహారంగా ఓ పని కూడా చేసింది. తన చేత్తోనే కిటికీ రెండు వేళ్ళంత తెరిచి, "నీ కోసం," అంది వీట్స్కెతో, మొహం అటు తిప్పుకుని.

కిటికీ పక్క కుర్చీ లెయార్కో గారికి పడింది. కాసేపటికి ఆయన, కళ్ళల్లో వెలుతురు పడుతోందంటూ బల్లకి అవతలి వైపుకి మారాడు. ఆ కుర్చీలోకి వచ్చిన దీర్చే గారు, తనకి ఈ చెవి వినపడదంటూ భర్త పక్కన ఇరుక్కుంది. యోలె గారు వడ్డిస్తూ వడ్డిస్తూ తన కంచం కూడా అవతలి చివరికి తోసేసింది. ఖర్బూజా, మాంసం ముక్కలు బల్ల మీదికి వచ్చేసరికి ముగ్గురూ ఒకే వైపు, మోచేతులు ఒకరికొకరికి తగులుతూ కూర్చున్నారు. కిటికీ వైపు వీట్స్కె ఒక్కతే, ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినట్టు. వీపుకి ఓ చల్లని తెమ్మెర, ఉందో లేదో అన్నంతగా తగులుతోంది.

"బాగుందా?" అని యోలె గారు అడిగింది, చెయ్యి బారెడు చాపి పళ్ళెం అందిస్తూ.

"చాలా బాగుందండీ."

"అయితే తొందరగా తినేసి ఇటు వచ్చెయ్."