దసరా నుంచి ఖాళీగా ఉన్న డిస్కు

తొంభైలలో అశ్వారావుపేట వైపు, అడవి అంచున, ఒక చిన్న కలప కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. అక్కడి ఫీల్డాఫీసరు నన్ను తమ్మీ అనేవాడు. ఏ రకం జామాయిల్ మా నేలలో బాగా పెరుగుతుందో తేల్చడానికి ఆయన ఏళ్ళ తరబడి ఒక తోటలో చెట్ల లావూ ఎత్తూ కొలుస్తున్నాడు. ఆ కొలతలే ఆయన బతుకు.

ఆ వేసవిలో కొలతలున్న డిస్కు గరగరమని ఆగిపోయింది. నేను కంగారు పడలేదు. రోజూ పక్కగదిలోని పెద్ద మిషనుకు వైరు మీదుగా కాపీ వెళ్తోంది కదా, రోజూ తెర మీద ‘పూర్తయింది’ అని వస్తోంది కదా! తీరా తెరిచి చూస్తే అక్కడ ఒక్క కాపీ లేదు.

ఒళ్ళు మండిపోయింది. వైర్లు మార్చాను, నెట్‌వర్క్ కార్డు మార్చాను, కనిపించిన వాళ్ళందరినీ తిట్టాను. చివరికి తేలిందేమిటయ్యా అంటే, దసరా పూజ. మిషన్లన్నీ ఆపి, బొట్లు పెట్టి, ముహూర్తానికి మళ్ళీ ఆన్ చేస్తాం. అన్నం పెట్టేది కొలతల మిషనేనని మేనేజరు ముందు దానికే కొబ్బరికాయ కొట్టించాడు. పెద్దదాన్ని ప్రసాదాలయ్యాక లేపారు. అది లేవకముందే మా కొలతల మిషను లేచింది గనక దాని డిస్కు మాకు తగులుకోలేదు. తగులుకోకపోతే కాపీ ఆగాలా వద్దా? ఆగదు మహానుభావా! ఆ డిస్కు పేరుతో మా మిషన్లోనే ఒక ఖాళీ ఫోల్డరుంటుంది, అందులో పడిపోతుంది. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని తర్వాత మా మిషన్ను ఎవరూ ఆపలేదు. అసలూ నకలూ ఒకే డిస్కులో ఉండి ఒకేసారి పోయాయి. చోటు చాలదని పెద్ద మిషను పాత కాపీలను నెలకోసారి చెరిపేసేది. తోటలో కొలతలు రాసుకొచ్చిన కాగితాలతోనా, కంప్యూటర్లోకి ఎక్కించాక నర్సరీలో టీ పొయ్యి రాజేసేవాళ్ళు.

వెళ్ళి ఆయనకు చెప్పాను.

“గట్లెట్ల పోతది? రోజూ పూర్తయిందని రాలే?”

“వచ్చిందన్నా. అబద్ధం చెప్పింది.”

“సరే తీయ్, మళ్ళ కొలుద్దాం,” అని లేచాడు. లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. కొలతలు భద్రంగా ఉన్నాయన్న ధీమాతో, చలికాలంలో ఆ తోట కొట్టేయడానికి సంతకం పెట్టింది ఆయనే.

అయినా స్కూటరు తీశాడు. వెనక కూర్చున్నాను. తోటలో మొదళ్ళు తప్ప ఏమీ లేవు, వాటి పక్కన మోకాలెత్తు పిలకలు. ఆయన వాటి మధ్య కాసేపు తిరిగి, ఒక మొద్దు మీద కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

“వచ్చే ఏడు రిటైరైత,” అన్నాడు. “గిన్నేండ్లు ఏం జేసినవురా అంటే ఏం జూపియ్యాలె తమ్మీ?”