భాప్ అంటే బాపు కాదట

అమ్మ దగ్గు మందుకోసం సీసా పట్టుకొని ఈ పొద్దున దవాఖానలో నిల్చున్నాను. నా ముందు కాశిబుగ్గ నుంచి వచ్చిన దంపతులు. తల్లి చంకలో పిల్లవాడు, వాడి ఛాతీ గురగురలాడుతోంది. తండ్రి రైలింజన్లో బొగ్గు వేసే మనిషి, మసి బట్టలతోనే వచ్చాడు.

"నిన్న మా ఇంటామెతోని మీరు ఉర్దూల 'బచ్చేకు బాప్ దేవ్' అన్నరట సారూ, పోరనికి బాపును తెచ్చియ్యమని. నేనే వీని బాపును. బండి దిగంగనే ఉరికొచ్చిన," అన్నాడు కాంపౌండరుతో.

కాంపౌండరు పగలబడి నవ్వాడు. "అరె, బాపు కాదు, భాప్! పోరనికి ఉడుకు నీళ్ల ఆవిరి పట్టుమన్న!"

వరుసలో వాళ్లూ నవ్వారు. ఆ తల్లి నవ్వలేదు.

"ఆవిరంటే రాత్రే పట్టకపోదునా? తెల్లందాక వీన్ని ఎత్తుకొనే కూసున్న," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిరితో బండి నడిపే మనిషి కొడుకు, ఆవిరి లేక రాత్రంతా ఎగపోశాడు! కాంపౌండరుకు తెలుగు రాదనుకుంటే ఓర్చుకునేవాణ్ణి. ఎగతాళి చేయడానికి మాత్రం చక్కగా వచ్చింది. నిన్ననే 'ఆవిరి' అని ఉంటే ఆయన నోరేమైనా కాలిపోయేదా? మీరే చెప్పండి.