ఆపరేషన్ వాయిదా పడిన మూడు వారాలు

అక్క గుండెలో ఒక వాల్వు చెడిపోయింది, మార్చాలన్నారు. అక్కా బావా తిరుత్తణిలో ఉంటారు. నేను తిరువళ్లూరులో. వాళ్లు వచ్చే లోకల్ రైలు నా స్టేషన్‌లో ఆగితే అదే పెట్టెలో ఎక్కి, ముగ్గురం చెన్నై ఆసుపత్రికి వెళ్లాం.

ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్ తలుపు ముందు స్ట్రెచర్ ఆపారు. బావ మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు. అక్క నన్ను వేలితో పిలిచింది.

"రేయ్, ఇట్రా. వంగు."

వంగాను.

"అమ్మ పొయ్యే ముందు నాలుగు దినాలు నిన్నే అడిగిందిరా. నేనే నీకు చెప్పంపలా. పరీక్ష పోతాదని. సాయంత్రం బండికి వస్తాడమ్మా అని దినామూ చెప్తా వచ్చినా. నాలుగు దినాలూ అదే చెప్పినా."

నేను స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్నాను.

"దీన్ని ఎత్తుకోని లోపలికి పోకూడదనుకున్యా. అంతే."

స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ తిరువాలంగాడులో పోయింది. నేనప్పుడు చెన్నైలో హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి పరీక్షలు రాస్తున్నాను. రైలు గంటన్నర ప్రయాణం. నిద్రలోనే పోయిందని, ఎవరికీ తెలియలేదని నాకు చెప్పారు. ముప్పై ఏళ్లు ఆ మాటే నమ్మాను. నిద్రలో పోవడం మేలని అందరికీ చెప్పుకున్నాను కూడా.

పావుగంటలో స్ట్రెచర్ తిరిగి వచ్చింది. అక్కకు జ్వరం ఉందట. కింది దవడలో ఒక పన్నుకు చీము పట్టింది. ఆ చీము గుండెకు పాకితే ప్రమాదమని, పన్ను తీయించుకుని మూడు వారాలాగి రమ్మన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, ఆమె మనసు కష్టపడే మాటలేవీ ఎత్తవద్దని చెప్పాడు.

"గుండె బాగు చెయ్యమని తీసకొస్తే పన్ను పీకి పంపిస్తా ఉండారు" అన్నాడు బావ తిరుగు రైల్లో. ఎదుటి సీటామె నవ్వింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పట్టాభిరామ్ దాటేదాకా నా వైపు తిరగలేదు. తిరిగినప్పుడు నేను పేపరు చదువుతున్నట్టు తల దించుకున్నాను.

చనిపోతానేమో అనుకుని చెప్పిన మాట అది. ఇప్పుడు దానితో బతకాల్సి వచ్చింది.

ఆ మూడు వారాల్లో రెండుసార్లు తిరుత్తణి వెళ్లాను. అక్క కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయేది. బావే మాట్లాడేవాడు. లోపల గిన్నె చప్పుడు కూడా వినబడేది కాదు. నిలబడి వింటోందని నాకు తెలుసు. ఒక్క మాట చాలు. పోనీలే అక్కా, అప్పుడు చిన్న వయసు, నీకూ తెలియలేదు. నేను చాలా పుస్తకాలు చదివినవాణ్ణి. ఇలాంటి మాట ఎలా అనాలో నాకు తెలియక కాదు. డాక్టరు వద్దన్నాడు కదా అని ఊరుకున్నాను. అది సాకు. నాకు కోపంగా ఉంది. నాలుగు సాయంత్రాలు అమ్మ రైలు కూత విని ఉంటుంది. నేను అక్కడే ఆగిపోయాను.

మళ్లీ చేర్చుకునేటప్పుడు నర్సు అరవంలో, భయంగా ఉందా అమ్మా అని అడిగింది. లేదంది అక్క. నర్సు నాడి పట్టుకుని చూసి, "ఇంత కొట్టుకుంటోంది, లేదంటారే" అని నవ్వి రాసుకుంది.

ఈసారి థియేటర్ దగ్గర బావ కూడా ఉన్నాడు.

"పోయొస్తా" అంది అక్క, ఇద్దరితోనూ.

"పో పో. పోయినసారి మాదిరి తిరిగొచ్చేస్తే ఊరుకోను" అన్నాడు బావ.

ఆమె నన్ను చూసింది. అడగలేదు. స్ట్రెచర్ తోసే మనిషి ఎందుకో ఒక క్షణం ఆగాడు.

"ధైర్యంగా ఉండక్కా" అన్నాను. దుప్పటి అంచు సరిచేశాను.

మూడో రోజు ఐసీయూలో పోయింది. కొత్త వాల్వు బాగానే పనిచేసిందని, ఊపిరితిత్తులు తట్టుకోలేదని చెప్పారు. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చిందట. అప్పుడు లోపలికి ఎవరినీ పంపలేదు.

కర్మలు అయ్యాక బావ అడిగాడు.

"ఏం బామ్మర్దీ, మొదటిసారి నీ చెవిలో ఏమో చెప్పిందంటనే. ఆ తోసేవాడు చెప్పినాడు. ఏందది?"

"ఏం లేదు బావా. నిన్ను చూసుకోమంది."

"ఇంటికొచ్చినాక మనిషి మనిషిగా లేదబ్బా. నీ ఫోనొస్తే చాలు, లేచొచ్చి నిలబడేది. పెట్టేసినాక, ఏమన్నా అన్నాడా అని అడిగేది. ఏమంటాడే అంటే పలకదు. అన్నం కెలికేది, లేచిపొయ్యేది. ఆ మూడు వారాల్లోనే సగమైపోయింది."

"ఆపరేషన్ భయం బావా" అన్నాను.

"అదే. డాక్టరూ అట్నే అన్నాడు. అందరికీ ఉండేదే అని."

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఇప్పుడు ఆయన అదే చెబుతున్నాడు. వాళ్లు నా వైపు చూస్తారు. నేను అవునంటాను.