డెడ్‌మ్యూల్ లోయలో మూస్ ఒక్కటీ లేదు

మా థర్మన్ పికెట్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఏప్రిల్ నెల వచ్చిందంటే చాలు, డెడ్‌మ్యూల్ లోయలో మూస్ ఒక్కటి కూడా లేదని కనబడ్డ ప్రతివాడికీ ఒట్టు పెట్టి మరీ చెబుతాడు. మిగతా పదకొండు నెలలూ ఆయన అపర హరిశ్చంద్రుడు. ఒకసారి మా హార్డ్‌వేర్ కొట్లో ఆరు మేకులు కొని, ఇంటికెళ్ళాక పొట్లంలో ఏడున్నాయని చూసి, నాలుగు మైళ్ళు వెనక్కి వచ్చి ఏడోది నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఆ కొట్టు నాది. నా పేరు ఫెర్న్. పైన్‌ఫోర్క్‌లో ముప్ఫై ఏళ్ళుగా మేకులూ, గుర్రాల దాణా, పొయ్యి గొట్టాలతో పాటు వేట లైసెన్సులు కూడా అమ్ముతున్నాను. లైసెన్సులు రాసే యంత్రం నా బల్ల మీదే ఉంటుంది కాబట్టి, ఐడహో రాష్ట్రంలో ఈ మూల ఎవరు దేనికి ఆశపడుతున్నారో నాకు తెలిసినంతగా మా పాస్టరుగారికి కూడా తెలియదు.

మూస్ అంటే దుప్పి జాతిలో పెద్దది. గుర్రం కంటే ఎత్తు, కొమ్ములు చూస్తే గుమ్మంలో పట్టవు. ఒక్కటి దొరికిందంటే ఇంటిల్లిపాదికీ ఏడాది మాంసం. కాని దాన్ని కొట్టాలంటే ట్యాగ్, అంటే వేట శాఖవారి అనుమతి చీటీ, ఉండాలి. డెడ్‌మ్యూల్ లోయకి ఏటా ఇచ్చే ట్యాగులు రెండే రెండు. ఏప్రిల్ ముప్ఫై లోపల పేరు వేసుకోవాలి, జూన్‌లో లాటరీ తీస్తారు. అందులో పెద్దా చిన్నా తేడా లేదు. పదిమంది పేర్లు వేస్తే పదిలో రెండు, రెండొందలమంది వేస్తే రెండొందల్లో రెండు. మూస్‌కి పేరు వేసినవాళ్ళు ఆ ఏడాది మిగతా పెద్ద జంతువుల లాటరీలు వదులుకోవాలి. ఒకసారి మూస్ కొట్టినవాళ్ళు జన్మలో మళ్ళీ పేరు వేయకూడదు. అందుకే చిన్న పుకారు పుట్టినా జనం వెనకా ముందూ చూస్తారు. థర్మన్ పని అంతా ఆ పుకారు పుట్టించడమే.

వేట సంగతిలో అబద్ధం ఆడటం మా ఊళ్ళో తప్పు కాదు. ఎక్కడ కొట్టావని అడిగితే సొంత బావమరిదికైనా పక్క కొండ పేరే చెబుతారు. కాని అందరూ అబద్ధాన్ని చిటికెడు ఉప్పులా చల్లితే, థర్మన్ గంగాళంలో వండి ఊరంతటికీ వడ్డించేవాడు.

ఒక ఏడాది పిడుదుల కథ. డ్వేన్ మంగలి కొట్లో క్షవరానికి కూర్చుని థర్మన్ మొదలుపెట్టాడు.

“ఇంకెక్కడి మూస్ డ్వేన్! పిడుదులు పట్టి పీల్చేశాయి. మొన్న ఒకదాన్ని చూశా, ఒంటిమీద వెంట్రుక లేదు. అచ్చం నీ తలే.”

“అంటే ఒకటి మిగిలిందన్నమాట!”

“మిగిలింది. తర్వాత సిగ్గుతో చచ్చిపోయింది. మా అమ్మ మీద ఒట్టు.”

మరుసటేడు వంతెన కథ. బాయిసీ పట్నం నుంచి ఒక పళ్ళ డాక్టరు కొత్త బూట్లు, కొత్త టోపీ పెట్టుకుని మా కొట్టుకి వచ్చి డెడ్‌మ్యూల్ లోయ గురించి వాకబు చేశాడు. నేను నోరు తెరిచే లోపలే థర్మన్ అందుకున్నాడు.

“వెళ్ళడానికి దారేదండీ? వంతెన కొట్టుకుపోయిందిగా.”

“నేను ఇప్పుడు ఆ వంతెన మీంచే వచ్చానండీ!”

“అదృష్టవంతులు! తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం చూసుకోండి.”

ఆ డాక్టరు పాపం అరవై మైళ్ళు చుట్టు తిరిగి ఇంటికి పోయాడు. మళ్ళీ మా ఊరి ఛాయలకి రాలేదు. ఆ పై ఏడాది మూస్‌లన్నిటినీ తోడేళ్ళు తినేశాయన్నాడు.

థర్మన్ ఇల్లు సరిగ్గా ఆ లోయ మొదట్లోనే ఉంది. ఒకసారి పొయ్యి గొట్టం ఇవ్వడానికి వెళ్ళాను. ఇంటి వెనక మూడు మూస్‌లు తీరిగ్గా విల్లో చెట్ల కొమ్మలు నములుతున్నాయి.

“థర్మన్, అవేమిటి?”

“ఏవి?”

“ఆ మూడూ!”

“గుర్రాలు.”

“కొమ్ములున్నాయి కదయ్యా!”

“వయసు మీద పడింది ఫెర్న్. మనకి కీళ్ళ నొప్పులు రావట్లా?”

ఆయన ప్రతి ఏప్రిల్ ముప్ఫయ్యో తారీకున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తన పికప్ బండిలో అరవై మైళ్ళు మెడిసిన్ బెండ్ అనే ఊరి దాకా వెళ్ళేవాడు. మా కొట్లో పేరు వేస్తే నేను చూసేస్తానని అక్కడ వేసుకుంటున్నాడని ఊరంతా అనుకున్నాం. చేపల లైసెన్సు కూడా నా దగ్గర కొనేవాడు కాదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న నన్నే అనుమానిస్తాడా అని నాకు లోపల ఒళ్ళు మండేది.

ఆయనకి ఎవరి మీద కనికరం లేకపోయినా ఆర్డిత్ మీద ఉండాలని నా బాధ. ఆర్డిత్‌కి డెబ్భై మూడేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు మా బడిలో వంట చేసింది. వాళ్ళ నాన్నకీ, ముగ్గురు అన్నలకీ, మొగుడికీ తలా ఒకసారి మూస్ ట్యాగ్ వచ్చింది. ఆ అయిదింటినీ కోసిందీ, పొట్లాలు కట్టిందీ, వండిందీ ఈవిడే. ఒక్కరూ వెంట తీసుకెళ్ళలేదు. పని నుంచి దిగిపోయిన ఏడాది నా బల్ల ముందుకొచ్చి తన పేరు వేసుకుంది.

“ఇంతమంది కొట్టిన మూస్‌లు వండాను. ఒక్కసారి నా మూస్ నేను వండుకుంటాను. తర్వాత పొయ్యి ఆర్పేస్తా” అంది.

అప్పటినుంచి పన్నెండేళ్ళు వేస్తూనే ఉంది, రాలేదు. ఈలోగా కళ్ళు మసకబారడం మొదలైంది. కుడి కన్ను ఇక లేనట్టే, ఎడమ కన్ను రెండేళ్ళకి మించి పనిచేయదని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి తెలిసిన ఏప్రిల్‌లో కూడా థర్మన్ మానలేదు. లాటరీకి కట్టడానికి నా కొట్లో జనం బారు తీరి ఉంటే, అందరికీ వినబడేలా అందుకున్నాడు.

“ఎందుకు ఆర్డిత్ ఈ దండగ! ఆ లోయలో...”

“మూస్ ఒక్కటీ లేదు, తెలుసు. పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం నిలబడ్డావు.”

ఆమె వెనక నిలబడ్డవాళ్ళలో నలుగురు నెమ్మదిగా జారుకున్నారు. ఆమె మాత్రం పేరు వేసి వెళ్ళింది. ఆ ఏడాదీ ట్యాగ్ రాలేదు. నాకు ఒళ్ళు తెలియనంత కోపం వచ్చింది.

“సిగ్గు లేదూ నీకు? చూపు పోతున్న మనిషితోనా నీ పోటీ?”

“పోటీ అన్నాక పోటీయే ఫెర్న్” అని ఆయన గోడ మీద వేలాడే తుపాకీ వంక చూశాడు. “అది మీ అమ్మది కదూ? నువ్వెప్పుడూ పేరు వేసుకోవేం?”

“బల్లకి ఇవతల నిలబడ్డవాళ్ళకి ఎందుకు వస్తాయిలే. మాట మార్చకు” అని గసిరాను.

ఆ తర్వాత ఫిబ్రవరిలో ఆయన వండిన అబద్ధం పొంగి పొయ్యి మీద పడింది. వేట శాఖ నుంచి ఒక నోటీసు వచ్చింది. డెడ్‌మ్యూల్ లోయలో మూస్ దాదాపు అంతరించినట్టు స్థానికుల నుంచి ఉత్తరాలు అందాయనీ, అందువల్ల ఈ ఏడాది నుంచి రెండు ట్యాగులూ రద్దు చేయదలచామనీ, అభ్యంతరాలుంటే సభకి వచ్చి చెప్పుకోవచ్చనీ అందులో ఉంది. మొత్తం పంతొమ్మిది ఉత్తరాలట. పిడుదుల గురించి ఏడు, తోడేళ్ళ గురించి తొమ్మిది, వంతెన గురించి మూడు.

నేను దాన్ని కొట్టు తలుపుకి కొట్టాను. థర్మన్ రెండుసార్లు చదివి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఆర్డిత్ ముక్కు కాగితానికి ఆనించి చదివింది.

“సరే. ఇక పొయ్యి ఆర్పేస్తా” అంది. కొనడానికి వచ్చినదేమిటో కూడా మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయింది.

సభ మా బడి భోజనశాలలోనే జరిగింది. శాఖ నుంచి మిస్ హోల్మ్ అనే అమ్మాయి వచ్చింది. జంతువుల లెక్కలు చూసే అధికారి. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. థర్మన్ లేచి టోపీ చేతిలో పట్టుకున్నాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“నేను అబద్ధం చెప్పాను” అన్నాడు. “ఆ లోయలో మూస్‌లున్నాయి. ముప్ఫై ఏడు. పిడుదులు లేవు, వంతెన ఉంది.”

దాణా సంచీలోంచి చింపిన కాగితం ఒకటి జేబులోంచి తీసి చదవడం మొదలుపెట్టాడు. “గ్లాడిస్, దాని ఇద్దరు పిల్లలు. పెద్ద ఎమిట్, చిన్న ఎమిట్. కుంటి రోస్కో...”

డ్వేన్ పొట్ట పట్టుకుని లేచాడు. “విన్నారా! థర్మన్ నోటితో ఉన్నాయన్నాడంటే ఇక నిజంగానే లేవురా నాయనా!”

హాలంతా ఘొల్లుమంది. థర్మన్‌కి కళ్ళనీళ్ళ పర్యంతం అయింది.

“నిజం డ్వేన్! మా అమ్మ మీద ఒట్టు!”

“పిడుదులప్పుడు కూడా మీ అమ్మ మీదేగా వేశావు!”

నవ్వనివాళ్ళం ముగ్గురమే. థర్మన్, ఆర్డిత్, నేను. ఆ మిస్ హోల్మ్ కూడా నవ్వేసింది గాని, తర్వాత చెయ్యి చాచింది. “పికెట్ గారూ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. హెలికాప్టర్‌లో వెళ్ళి మేమే లెక్కపెడతాం. లెక్క తేలేదాకా రెండు ట్యాగులూ ఉంటాయి.”

లెక్క మే నెలలో వచ్చింది. ముప్ఫై ఆరు. “గ్లాడిస్‌కి హెలికాప్టరంటే భయం, దాక్కుని ఉంటుంది” అన్నాడు థర్మన్. కాని పేర్లు వేసే గడువు ఏప్రిల్‌తోనే అయిపోయింది కదా. థర్మన్ ఉన్నాయన్నాడు కాబట్టి నిజంగా లేవన్న వార్త, సభ అయిన ఒక్క వారంలో నాలుగు ఊళ్ళు పాకింది. పన్నెండేళ్ళ అబద్ధాలు చేయలేని పని ఒక్క నిజం చేసింది. రాష్ట్రం మొత్తం మీద ఆ లోయకి పేరు వేసినవాళ్ళు అయిదుగురే.

జూన్‌లో ఆర్డిత్ కొట్టుకి వచ్చింది. “నా చూపు ఆనట్లేదు, నువ్వే చూసి చెప్పు” అంది.

యంత్రంలో చూశాను. “వచ్చింది ఆర్డిత్!”

“మళ్ళీ చదువు.”

మూడుసార్లు చదివించుకుంది. వాటేసుకుందామని బల్ల దాటి వచ్చేలోపలే, “కత్తికి సాన పట్టే రాయి మంచిది చూపించు” అంది. ఆవిడ సంతోషం అంతే.

ఊళ్ళో థర్మన్‌ని ఆటపట్టించనివాడు లేడు. “ఇన్నేళ్ళ నీ అబద్ధాలన్నీ ఆర్డిత్ పాలయ్యాయిగా!” అని డ్వేన్ రోజూ దెప్పేవాడు. థర్మన్ గొణుక్కుంటూ పోయేవాడు. నాకు లోపల చల్లగా ఉండేది.

ఆగస్టులో ఆయన పికప్ ఇరుసు విరిగింది. మెడిసిన్ బెండ్ వెళ్ళే దారి లేక, జింక ట్యాగ్ కోసం కంచరగాడిద ఎక్కి మా కొట్టుకే వచ్చాడు. నేను ఆయన లైసెన్సు నంబరు కొడుతుంటే టోపీ తీసి యంత్రం తెర మీద కప్పాడు. నేను టోపీ తీసి పక్కన పెట్టాను. తెర మీద ఇలా ఉంది: మూస్, 1981. ఇక అర్హత లేదు.

ఆయన మా ఊరు వచ్చింది ఎనభై అయిదులో. అంతకుముందే, ఎక్కడో ఉత్తరాన ఉన్న రోజుల్లోనే, ఆయన తన మూస్ కొట్టేశాడు. పన్నెండేళ్ళుగా ఆ లాటరీలో ఆయన పేరు లేనే లేదు. ఉండటానికి వీలే లేదు.

“థర్మన్! ఇది...”

“ఇంకెవరో థర్మన్ పికెట్ అయ్యుంటాడు.”

“పుట్టిన తేదీ కూడా నీదే.”

“కవలలం.”

“మరి ఏప్రిల్ ముప్ఫైన చొక్కా మార్చుకుని మెడిసిన్ బెండ్ ఎందుకయ్యా వెళ్ళడం?”

ఆయన నా వంక అమాయకంగా చూశాడు. “అక్కడివాళ్ళకి చెప్పొద్దూ మరి, లోయలో మూస్‌లు లేవని!”

నేను మేకుల పీపా మీద కూర్చుండిపోయాను. ఆర్డిత్ మొదటిసారి పేరు వేసిన ఏడాదే ఈయనకి జబ్బు పట్టింది. రెండూ నా బల్ల ముందే జరిగినా నా బుర్రకి తట్టలేదు. ఆయన్ని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

“నేను బడి బస్సు నడిపే రోజుల్లో, చలికాలం పొద్దున్నే చేతులు కొయ్యబారిపోయి స్టీరింగ్ వదిలేవి కావు ఫెర్న్” అన్నాడు, టోపీ అంచు తిప్పుకుంటూ. “ఆవిడ వంటింటి తలుపు తీసి దాల్చినచెక్క పొడి వేసిన వేడివేడి సినమన్ రోల్ చేతిలో పెట్టేది. ‘అప్పుడే తినేయకు, ముందు చేతులు కాచుకో’ అనేది. ఆవిడకి చెప్పకు. ఎవరన్నా సాయం చేస్తున్నారని తెలిస్తే పేరు వేయడమే మానేస్తుంది.”

నిజానికి లైసెన్సుల సంగతులు నేను బయటపెట్టకూడదు. కాని మా ఊళ్ళో థర్మన్ మంచివాడని చెప్పినా ఎవరూ నమ్మరు కాబట్టి భయం లేదు.

ఆర్డిత్ ఆ వేసవంతా ఎడమ భుజానికి తుపాకీ ఆనించి గురి నేర్చుకుంది. సెప్టెంబరు ఆఖర్న థర్మన్ తన రెండు కంచరగాడిదల్ని తీసుకుని ఆవిడ వెంట వెళ్ళాడు. ఒకటే తూటా. దిగి వచ్చాక ఆవిడ బడి భోజనశాల తాళాలు అడిగి తీసుకుని, ఊరందరికీ మూస్ మాంసంతో చిల్లీ అనే కారం పులుసు వండి, పక్కన సినమన్ రోల్స్ పెట్టింది. థర్మన్ మూడుసార్లు వడ్డించుకుని, మూతి తుడుచుకుని, అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

“ఏమాటకామాటే, ఆ లోయలో మూస్...”

“ముప్ఫై ఆరు. ఒకటి నీ పళ్ళెంలో ఉంది” అంది ఆర్డిత్. ఇంకో రోల్ తెచ్చి పళ్ళెంలో వేయకుండా ఆయన చేతిలో పెట్టింది. ఆవిడకి తెలుసేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇక జబ్బు నయమైందనుకున్నాను. ఆర్డిత్ మళ్ళీ పేరు వేయడానికి లేదు, ఆయనకీ లేదు. కాని ఏప్రిల్ రాగానే డ్వేన్ సబ్బు నురగ చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. “మళ్ళీ పట్టుకుంది ఫెర్న్! ఈసారి ఎలుగుబంట్లట!”

ఇంకెవరి కోసమా అని నెలంతా ఆలోచించాను. ముప్ఫయ్యో తారీకున థర్మన్ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బాగుచేయించిన పికప్ బయట ఆపి కొట్లోకి వచ్చాడు. ఆరు మేకులు అడిగాడు. నేను పొట్లం కడుతుంటే బల్ల మీదకి వంగి గొంతు తగ్గించాడు.

“మీ అమ్మ తుపాకీకి బూజు పట్టింది, దులుపు. సాయంత్రం దాకా గడువుంది. నేను మెడిసిన్ బెండ్ వెళ్ళొస్తా.”

వెనక నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి గట్టిగా, “ఆ లోయలో మూస్ ఒక్కటీ లేదు!” అని వెళ్ళిపోయాడు.

నేను ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ యంత్రంలో నా పేరు కొట్టాను. ఇందాక ఆయన మాటలు వింటూ ఆ పొట్లంలో మేకులు ఏడు వేసినట్టున్నాను. రేపు పొద్దున్న తెచ్చిస్తాడులే.