ఆరో బల్ల సంచి

వరదయ్య ఉదయగిరి బస్టాండు వెనక లారీలకు పట్టలు కుడతాడు. డెబ్బై దాటాయి. ఈ పనికి ముందు ఇరవై రెండేళ్లు సైన్యంలో ఉన్నాడు, ఉత్తరాదిలో, పారాచూట్‌తో దూకడం నేర్పే కేంద్రంలో. ఆయన దూకడం నేర్పలేదు. పారాచూట్లు మడిచాడు.

పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, మడత మీద మడత వేస్తూ, జారకుండా సీసపు గుళ్లు నింపిన సన్నటి సంచులు బరువు పెట్టాలి. బల్లకు ఎనిమిది. ప్రతి సంచి మీదా ఎర్రరంగుతో బల్ల అంకె. వరదయ్యది ఆరు. మడత అయ్యాక సంచులన్నీ తీసి, లెక్క సరిచూసి, ఆ తరవాతే చీటీ మీద సంతకం చేయాలి.

అక్కడ ఇంకో ఆచారం ఉండేది. ఎప్పుడో ఒకరోజు ఆఫీసరు మడిచినవాడినే పిలుస్తాడు. తను మడిచిన మూటే తగిలించుకుని విమానం ఎక్కాలి. దూకాక లెక్కపెట్టాలి. ఏక్ హజార్, దో హజార్. చార్ హజార్ అనేలోగా తలపైన తెరుచుకుంటుంది.

అలా ఒకరోజు వరదయ్యకు పిలుపు వచ్చింది. చీలమండ వాచి ఉంది. పక్క బల్ల పెంచలయ్య, ఆత్మకూరు వాడు, ఆ మూట తీసి తన వీపుకు తగిలించుకున్నాడు.

"నీ మడతే గదరా. కునుకు తీస్తా దిగుతా," అన్నాడు.

తెరుచుకోలేదు. ఆపదకని పొట్ట మీద కట్టుకునే చిన్న పారాచూట్ తెరిచాడు. అదీ పోయి పెద్దదానికే చుట్టుకుంది.

పెంచలయ్య చావుకు కారణం గాలి అని విచారణలో రాశారు. ఆ సాయంత్రం ఆరో బల్ల మీద సంచులు ఏడే ఉన్నాయి. పొద్దున కాలి నొప్పిలో ముందు సంతకం చేసి, లెక్క తరవాత చూద్దామనుకున్నాడు. చూడలేదు. మర్నాటికి ఎనిమిదోది తనే కుట్టి పెట్టాడు. పోయినది మడతలో ఉండిపోలేదని, ఏ మూలకో జారి ఉంటుందని ముప్పై ఆరేళ్లుగా తనకు తాను చెప్పుకున్నాడు. నెల్లూరు వెళ్లాలంటే ఆత్మకూరు దారి వదిలి కావలి మీదుగా వెళ్లేవాడు. ఆత్మకూరు బస్సు ఎక్కలేదు.

చప్పుడు ఉదయగిరికి వచ్చాక మొదలైంది. మిట్టమధ్యాహ్నం, దుర్గం కొండ వైపు నుంచి, పైనుంచి కిందికి దిగుతూ గుడ్డ కొట్టుకునే చప్పుడు. తెరుచుకున్న గుడ్డ అలా కొట్టుకోదు. నాలుగు లెక్కపెట్టేంతసేపు వినపడి ఆగిపోయేది. ఇంకెవరికీ వినపడేది కాదు.

మొన్న వేసవిలో, ఆకు కదలని ఒక మధ్యాహ్నం, అన్నం తెచ్చిన భార్య చెంచులక్ష్మి తల పైకెత్తింది.

"ఏందయ్యా ఆ చప్పుడు? పట్టలన్నీ మడిచే ఉండాయి గదా!"

ఆయన అన్నం ముట్టలేదు. మరుసటి పొద్దున ఆత్మకూరు బస్సెక్కాడు.

పెంచలయ్య భార్య శీనమ్మ ఇల్లు అడిగితే చూపించారు. తలుపు తెరిచే ఉంది. మూసుకోకుండా కింద ఏదో అడ్డం పెట్టారు. వరదయ్య చెప్పులు విడవబోయి ఆగాడు. మూరెడు పొడవు సంచి. మాసి నల్లబడింది. అంకె మాత్రం కనబడుతోంది. ఆరు.

"ఎవురన్నా నువ్వు?" లోపలినుంచి శీనమ్మ వచ్చింది.

"వరదయ్యనమ్మా. పెంచలయ్యతో పని చేసినాను."

"ఇన్నాళ్లకు దోవ తెలిసిందా నీకు? రా, కూర్చో. దాన్ని కదిలించబాక, తలుపు కొట్టుకుంటాది."

ఆయన దాన్నే చూస్తున్నాడు.

"మా ఆయన పెట్టెలో వచ్చినాది. పడినకాడ దొరికిందంట. ఆయన పనిముట్టే అనుకోని సామాన్లలో వేసినారంట. మా ఊరి మిలిటరీ వాళ్లనందర్నీ అడిగినా, ఇదేందని. ఒక్కరికీ తెలీలా. నీకు తెలుసునా?"

తెలియదనవచ్చు. వరదయ్య వంగి సంచి ఎత్తాడు. ఆ బరువు చేతికి తెలుసు.

"ఇది నాదమ్మా," అన్నాడు.

సంతకం, వాచిన కాలు, ఏడు సంచులు, తను కుట్టిన ఎనిమిదోది. అన్నీ చెప్పాడు.

శీనమ్మ చేయి చాపి సంచి తీసుకుంది. చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికి నడిచింది. అడ్డం లేని తలుపు మెల్లగా మూసుకుంది. గాలి లేదు.

వరదయ్య గడప బయట నిలబడ్డాడు. పెదవులు వాటంతటవే కదిలాయి. ఏక్ హజార్. దో హజార్. తీన్ హజార్. చార్ హజార్.

తలుపు తెరుచుకోలేదు.